క్షేమవాణి అడిగిన ప్రశ్న

ఉదయం ఎనిమిదింటికి రేవుపేట సందులోని క్షేమవాణి అనే మాట్లాడే కంబం గొంతు సవరించుకుని, వరసలో నిలబడ్డవాళ్లను ఒక్కొక్కరినే అడగసాగింది. "అన్నం తిన్నారా?" ముందున్నవాళ్లందరూ తిన్నామనే అన్నారు. ఆ దేశంలో ఎదురుపడ్డ మనిషిని పలకరించేదే ఆ ప్రశ్నతో. కడుపు కాలుతున్నా తిన్నానని చెప్పడమే మర్యాద. యంత్రం తయారుచేసినవాళ్లకు ఆ సంగతి తెలియదు. ఏలినవారికి తెలిసినా ఇబ్బంది లేదు. వీధివీధినా పాతిన ఆ కంబాలు చెప్పిందే నిజం, వాటి ప్రకారం దేశంలో ఆకలితో ఉన్నవాడు ఒక్కడూ లేడు.

అందుకే పేట పస్తులుంటోందని రాసిన సంపాదకుడు థాన్ ల్విన్ అబద్ధాలకోరుగా జైల్లో పడ్డాడు. ఆయన కోసం రోడ్డెక్కినవాళ్ల మీద తూటాలు పేలాయి. ఇవాళ మధ్యాహ్నమే ఆయన కేసులో తీర్పు. కంబం ముందు ఒక్క మనిషి తినలేదని చెప్పి, గంట తర్వాత రెండోసారి కూడా అదే మాట మీద నిలబడితే వార్త నిజమని నమోదవుతుంది, ఆయన బయటపడతాడు. ఆయన పత్రికలో మిగిలిన ఏకైక విలేఖరి నీలవేణి ఆ ఒక్క మనిషి కోసం మూడు రోజులు గడపగడపా తిరిగింది.

చివరికి సన్యాసమ్మ ఒప్పుకుంది. తాతల కాలంలో సిక్కోలు నుంచి ఓడెక్కి వచ్చిన కూలీల ఇంటి మనిషి, డెబ్బై ఏళ్లది. కంబం ముందు తల వంచుకుంది.

"నేదు బావూ. నిన్నా తిన్నేదు, మొన్నా తిన్నేదు."

కంబం మీద ఎర్రదీపం వెలిగింది. నీలవేణి టైము చూసుకుంది. ఇంకొక్క గంట.

పది నిమిషాలకే పక్కింటి ఖిన్ మే గిన్నెడు గంజి తెచ్చింది. పెద్దావిడ నలుగురిలో నోరు విడిచి చెప్పుకోవలసి వచ్చిందే అని కళ్లనీళ్లు పెట్టుకుంది. వెనకే ఒకరు గుప్పెడు మెతుకులు, మరొకరు ఎండుచేప ముక్క తెచ్చారు. వాళ్లెవరి ఇంట్లోనూ పొయ్యి వెలగలేదని నీలవేణికి తెలుసు.

గంట నిండేదాకా ఆగమని ఆమె వాళ్లను బతిమాలింది. తిని అబద్ధమాడే వీల్లేదు. తిన్నామన్నవాళ్ల జోలికి కంబం పోదు గాని, తినలేదన్నవాళ్ల ఊపిరి మాత్రం వాసన చూస్తుంది. ఖిన్ మే అంతా విని, ఆకలిగా ఉన్న మనిషి ముందు నుంచి గంజి తీసుకుపోవడం తన వల్ల కాదంది.

సన్యాసమ్మ గిన్నె వైపు చూడకుండా కూర్చుంది. "నువ్వొద్దంటే తిన్ను తల్లీ. మాటిచ్చీసినాను గదా," అంది.

నీలవేణికి వాళ్లందరి మీదా కోపం వచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. జైల్లో ఉన్నాయన ఆమెకు రాయడం నేర్పిన మనిషి. గంట నిండడానికి ఇంకా పది నిమిషాలుంది. ముసలామె చేతులు గిన్నె నిలిపేలా లేవు. నీలవేణే గిన్నె అందుకుని, పక్కన చతికిలబడి, చెంచా ఆమె నోటికందించింది.

"తినమ్మా."

కంబం రెండోసారి అడిగినప్పుడు సన్యాసమ్మ ఏడుస్తూ తిన్నానని చెప్పింది. ఆ రోజు సందులో ఆ మాట నిజంగా అన్నది ఆమె ఒక్కతే. మధ్యాహ్నం థాన్ ల్విన్‌కు పదేళ్లు వేశారు.