అడిషనల్ డ్రైవర్

గత నెల మస్కట్‌లో పేలిన కారు ఒక అద్దె కారు. దాన్ని అద్దెకు తీసుకున్నది దువ్వూరు రైతు సిద్దయ్య అని కాగితాలు చెబుతున్నాయి. ఆ రోజు సిద్దయ్య దువ్వూరులో పసుపు ఉడకబెడుతున్నాడు. అయినా మూడు వారాలుగా అతను పోలీసుల దగ్గరే ఉన్నాడు.

"సిద్దయ్య ఒకప్పుడు విదేశీ టూరుకు అప్లికేషన్ పెట్టి మానుకున్నాడు. ఎక్కడ పెట్టాడో తెలుసా?" అన్నాడు చీఫ్.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ మధ్య ఒక మేడగది. ఎదురుగా నిలబడినవాడు ఏజెంట్ నైన్. అసలు పేరు యువరాజ్. పన్నెండేళ్ళ సర్వీసు, ఏడు పాస్‌పోర్టులు. ఇన్నేళ్ళలో ఏ కాగితం మీదా సొంత పేరు రాసుకోలేదు.

"మూన్‌షైన్ హాలిడేస్, సర్. ఇదే వీధిలో."

"కరెక్ట్. ఫాల్కన్ ముఠా అక్కడి అప్లికేషన్లు దొంగిలిస్తోంది. సెలవులకు వెళ్ళే అమాయకుడి పేరున కారు అద్దెకు తీస్తారు. ఫుల్ ఇన్సూరెన్స్ కట్టిస్తారు. దాన్లో బాంబు పెడతారు. నింద కాగితం మీద పేరున్నవాడిది. నువ్వు ఇన్సూరెన్స్ అడ్వైజర్ రాఘవేంద్రగా అందులో చేరుతున్నావు."

సోడాబుడ్డి కళ్ళద్దాలు, కెమెరా ఉన్న పెన్ను ఇచ్చారు. ప్రమాదం వస్తే చెప్పాల్సిన కోడ్ 'టైరు పంక్చరైంది'. మూన్‌షైన్‌లో మన ఇన్ఫార్మర్ పేరు మహేశ్వరి. ఆమెను మరీ నమ్మొద్దని కూడా చీఫ్ చెప్పాడు. ఆ ఒక్క మాటా మనవాడు సరిగా వినలేదు.

వినకపోవడానికి కారణం ఉంది. మొదట ఆమె సెంటు మెట్లెక్కింది, తర్వాత హైహీల్స్ చప్పుడు, ఆ తర్వాత ఆమె.

"ముఠా మనిషి బయటికి రావాలంటే ఎర కావాలి. ఎవరిదైనా సంతకం చేసిన ఖాళీ ఫారాలు రెండు, కారు అద్దెది ఒకటి, ఇన్సూరెన్సుది ఒకటి, తెచ్చిపెట్టు. పదిహేనో తేదీ దాకా ముఠా ఆ పేరున కారు తీయదు. ఈలోగా వాడు నా దగ్గరికొస్తాడు, పట్టుకో," అంది మహేశ్వరి.

పథకం బాగుందనిపించింది యువరాజ్‌కు. చెప్పిన మనిషి ఇంకా బాగుంది.

ఎర జమ్మలమడుగులో దొరికింది. కమాల్ బాషా ఇరవై రెండేళ్ళు కువైట్‌లో ఇంటి డ్రైవరుగా చేసి వచ్చాడు. అక్కడ ఒక షేక్ గారి పిల్లల్ని బడికి, ఆడవాళ్ళను బజారుకు తిప్పాడు. సొంత భార్య జరీనాను మాత్రం ఒక్కసారి కూడా పక్క సీట్లో కూర్చోబెట్టుకోలేదు. ఇప్పుడు మూన్‌షైన్ ద్వారా ఆమెతో పది రోజులు ఒమాన్ వెళ్ళాలి, కారు తన పేరున అద్దెకు తీసుకోవాలి, తనే నడపాలి. ఇన్సూరెన్సు లేని కారుకు చిన్న గీత పడి ఒకసారి సెలవు పోగొట్టుకున్నవాడు కాబట్టి, ఇన్సూరెన్సు గురించే గంటసేపు అడిగాడు.

యువరాజ్ నాలుగుసార్లు ఆ ఇంటికి వెళ్ళాడు, నాలుగుసార్లూ తిన్నాడు. అసలు ఫారంలో 'అత్యవసర సంప్రదింపు' దగ్గర కమాల్ బాషా తనే రాఘవేంద్ర పేరు రాశాడు. 'సంబంధం' అన్నచోట నవ్వుతూ 'అల్లుడు' అని రాశాడు. మామా అంటాండావు గదా, అన్నాడు.

తర్వాత ఖాళీ ఫారాలు ముందుకు జరిగాయి. ఆయన పెన్ను ఆగింది.

"ఏమీ రాయకనే సంతకం యాడ పెడతారప్పా?"

"నేనుండా గదా మామా."

ఆయన రెండింటి మీదా సంతకం పెట్టాడు. అప్పుడు యువరాజ్‌కు సిగ్గు కలగలేదు. తన పనితనం చూసి తనకే ముచ్చటేసింది. తర్వాత రోజుల్లో అతన్ని ఎక్కువగా కాల్చింది ఆ ముచ్చటే.

పదో తేదీ పదకొండున్నరకు టికెట్లు ఇవ్వడానికి మళ్ళీ వెళ్ళాడు. హాల్లో సూట్‌కేసులు సిద్ధంగా ఉన్నాయి. జరీనా కూర్చోబెట్టి బగారా అన్నం, దాల్చా వడ్డించింది. సగం తిన్నాడో లేదో ఫోన్ మోగింది.

"టైరు పంక్చరైంది," అన్నాడు చీఫ్. "మహేశ్వరి డబుల్ ఏజెంట్. నీ ఖాళీ ఫారాల్లో డేటు ఈ రోజు వేసింది. అడిషనల్ డ్రైవర్‌గా, అంటే కారు నడిపే రెండో మనిషిగా, ముఠావాడు విక్టర్ పేరు రాసింది. గంట కిందట మస్కట్‌లో కమాల్ బాషా కారు వాడి చేతికొచ్చింది."

"టార్గెట్?"

"మన డెలిగేషన్ ఉన్న హోటల్. అక్కడి టైం పది ఇరవై రెండు. పదిన్నరకు మీటింగ్. బేస్‌మెంట్‌లో పార్క్ చేసి టైమర్ పెడతాడు. ఊరంతా తెల్లకార్లే, వెతికే టైం లేదు."

"దారి?"

"ఒకటే. ఇన్సూరెన్స్ క్యాన్సిలైతే ఆ కంపెనీ కార్లు రిమోట్‌తో ఆగిపోతాయి. క్యాన్సిల్ చేయాలంటే ఓటీపీ కావాలి, అది అద్దెకు తీసుకున్నవాడి ఫోన్‌కే వస్తుంది."

యువరాజ్ ఎడమచేత్తో ఇన్సూరెన్స్ యాప్ తెరిచి క్యాన్సిల్ నొక్కాడు. కిటికీ దగ్గర ఛార్జింగులో ఉన్న కమాల్ బాషా ఫోన్ టింగుమంది. ఓటీపీ కన్నకొడుక్కి కూడా చెప్పగూడదని ఆ వీధి మొత్తానికి పాఠం చెప్పింది ఆయనే.

"మామా, నీ ఫోన్లో ఒక నెంబరు..." అంటూ ఆగిపోయాడు యువరాజ్. ఎలా అడగాలో తెలియలేదు.

కమాల్ బాషా కళ్ళద్దాలు కూడా వెతకలేదు. ఫోన్ దూరంగా పట్టుకుని చదివాడు. "నాలుగు, సున్నా, ఏడు, ఏడు, రెండు, ఒకటి." ఎందుకని అడగనేలేదు.

మస్కట్‌లో తెల్లకారు హోటల్ ర్యాంప్ మీద, బేస్‌మెంట్ గేటుకు నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. ఇంజన్ మళ్ళీ స్టార్ట్ కాలేదు. గార్డులు చుట్టుముట్టేసరికి విక్టర్ ఇంకా తాళం తిప్పుతూనే ఉన్నాడు.

"వెల్ డన్, నైన్," అంది ఫోన్.

యువరాజ్ ఎంగిలిచేత్తోనే లేచి నిలబడి అంతా చెప్పాడు. తన పేరు రాఘవేంద్ర కాదని చెప్పాడు. కేసు తేలేదాకా ఆ దేశంలో కమాల్ బాషా పేరు బ్లాక్‌లిస్టులో ఉంటుందని, రేపటి ప్రయాణం లేదని చెప్పాడు. ఆయన ఒక్కటే అడిగాడు.

"ఖాళీ కాగితాలు తెలిసే పెట్టించినావా?"

"తెలిసే, మామా."

కమాల్ బాషా భార్య వైపు తిరిగాడు.

"సగంలో లేసినాడు. అన్నం పెట్టు."

యువరాజ్ తినాల్సి వచ్చింది. ఎదురుగా జరీనా సూట్‌కేసు తెరిచి, మడతపెట్టిన కొత్త బట్టలు ఒక్కొక్కటే బీరువాలోకి సర్దింది. పన్నెండేళ్ళలో శత్రువులు రెండుసార్లు పట్టుకుని కొట్టారు. అప్పుడు కూడా అతను ఇంత సిగ్గుపడలేదు.

ఆ సాయంత్రం పులివెందుల బస్టాండులో మహేశ్వరి దొరికింది. నర్సు వేషం వేసి హైహీల్స్ విప్పడం మరిచిపోయింది. ఆమె వాంగ్మూలం చీఫ్ నవ్వుతూ చదివి వినిపించాడు. "నేను ఫారాలే అడిగాను. సంతకాలు పెట్టించింది మీవాడు." యువరాజ్‌కు నవ్వు రాలేదు. ప్రశంసాపత్రం వచ్చింది, రహస్యం కాబట్టి దాని మీద కూడా పేరు లేదు.

సిద్దయ్య ఇంటికి చేరాడు. కమాల్ బాషా పేరు కడగడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. యువరాజ్ ఆ మూడు నెలలూ ఆఫీసుల చుట్టూ తిరిగి, కొత్త ఫారాలు తీసుకుని, కళ్ళద్దాల వేషం లేకుండా జమ్మలమడుగు వెళ్ళాడు.

ఈసారి కమాల్ బాషా పదకొండు పేజీలూ వేలు పెట్టి చదివాడు. టైరు పగిలితే ఎవరు కట్టాల, అద్దానికి వర్తిస్తాదా, గీత పడితే మన చేతినుంచి ఎంతవరకు, అన్నీ అడిగాడు. అడిషనల్ డ్రైవర్ గడిలో అడ్డంగా గీత కొట్టాడు. ఒక్క ఖాళీ కూడా వదలకుండా నింపి, అప్పుడు సంతకం పెట్టాడు. చివరికి అత్యవసర సంప్రదింపు గడి మిగిలింది.

"నీ పేరేంది? అసలుది."

"యువరాజ్."

ఆయన రాశాడు. 'సంబంధం' దగ్గర పెన్ను కాసేపు ఆగింది. తర్వాత గుండ్రటి అక్షరాలతో 'తెలిసినాయన' అని రాసి, కాగితం మడిచాడు.

పన్నెండేళ్ళ సర్వీసులో ఏజెంట్ నైన్ గురించి ఏ కాగితం మీదైనా పూర్తిగా నిజం రాసింది అదే మొదటిసారి.