హెచ్. గార్లండ్, సున్నా

ఆ బుధవారం పొద్దున కూడా పెన్‌ఫోల్డ్ గారింట్లో ఉడికించిన గుడ్లూ, కాల్చిన రొట్టే, డోర్కస్ నోరూ వేళకే సిద్ధమయ్యాయి. డోర్కస్ ఇంటి యజమాని ఏంబ్రోస్‌కి అక్క. భర్త పోయాక తమ్ముడి పంచన చేరింది. బల్ల దగ్గర పేపరు పైకి చదవడం తన ఉద్యోగమనుకుంటుంది, ఎవరు అడిగినా అడక్కపోయినా.

ఏంబ్రోస్ పార్లమెంటు సభ్యుడు. పదకొండేళ్లలో అక్కడ మూడంటే మూడుసార్లు నోరు విప్పాడు. క్రికెట్‌లో ఆయన బ్యాటు గురించి మాత్రం కెంట్ జిల్లా అంతా చెప్పుకునేది. సభ నడిచే రోజుల్లో ఆటకెళ్తే ఓటర్లు ఊరుకోరు. అందుకని అలాంటి దొరలు చాలామంది చేసినట్టే ఆయనా ఆటకో మారుపేరుతో ఆడేవాడు. పేపరువాళ్లు తెలిసినా తెలియనట్టు ఆ పేరే అచ్చువేసేవారు.

ముందురోజుకి ఆయన ఒక్కగానొక్క కొడుకు హ్యూ పోయి సరిగ్గా ఏడాది. తొమ్మిదేళ్లవాణ్ణి జ్వరం పొట్టన పెట్టుకుంది. "ఓటింగు ఉంది, లండన్ వదిలి రాలేను" అని ఏంబ్రోస్ ఉత్తరం రాశాడు. అతని భార్య లవీనియా ఒక్కతే వెళ్లి సమాధి మీద పూలుంచి వచ్చింది.

"నిన్న మెయిడ్‌స్టన్‌లో మనవాళ్లు ఓడారే అమ్మాయ్," అంది డోర్కస్ పేపరులోంచి తలెత్తకుండా. "ఎవడో హెచ్. గార్లండ్ అట. మొదటి బంతికే అవుట్. సున్నా! గార్లండ్ అంటే మీ పుట్టింటి పేరేగా? మీవాళ్లా?"

లవీనియా కప్పు కిందపెట్టింది. గార్లండ్‌లలో మగపిల్లలెవరూ మిగల్లేదు. ఆ పేరు తన తండ్రితో పోకూడదనే కొడుక్కి హ్యూ గార్లండ్ పెన్‌ఫోల్డ్ అని పెట్టుకుంది. ఆ పేరు తెలిసి, మారుపేరుతో ఆడేవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు.

"నా పెట్టె సర్దించండి వదినా. డోవర్‌లో మా పిన్ని దగ్గరికి వెళ్లిపోతాను. ఇక రాను."

"అదేం మాటే! వాడొచ్చేదాకా అయినా ఆగు," అని డోర్కస్ లబోదిబోమంది.

పదిగంటల బండికి దిగిన ఏంబ్రోస్ గుమ్మంలో పెట్టె చూసి ఆగిపోయాడు. లవీనియా పేపరు అతని ముందు పడేసింది.

"ఓటింగు బాగా జరిగిందా?"

అతను పేపరు అందుకుని ఆ పేరు చూశాడు.

"నేనొక్కదాన్నీ ఆ రాయి ముందు నిలబడి ఏడుస్తుంటే మీరు ఆడుకుంటున్నారు. పోనీ, ఆడుకోండి. దాక్కోడానికి నా బిడ్డ పేరే దొరికిందా మీకు?"

"ఒరేయ్, ఏదో ఒకటి చెప్పరా! కాపురం కూలిపోతోంది," అంది డోర్కస్. ఇద్దరూ ఆమె వైపు చూడలేదు. జీవితంలో మొదటిసారి ఆవిడ తనంతట తానే బయటికి వెళ్లి తలుపేసింది.

ఏంబ్రోస్ కుర్చీలో కూలబడ్డాడు.

"చివరివారం నువ్వు కాస్త నిద్రపోయినప్పుడు వాడు నన్నడిగాడు లవీనియా. 'నాన్నా, నేను పెద్దయ్యాక పేపర్లో నా పేరు వేస్తారా? పక్కన పరుగులు కూడా వేస్తారా?' అని. వేస్తార్రా అన్నాను. మాటిచ్చాను."

లవీనియా ఒక అడుగు దగ్గరికి వచ్చింది.

"ఆ రాయి మీద వాడి పేరు కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉన్నాయి. నేను చూడలేను. ఒక్కసారి ఆ తేదీలు లేకుండా వాడి పేరు చూడాలనిపించింది. నీకు చెప్పే ధైర్యం లేక అబద్ధం రాశాను. తప్పే."

"మరి సున్నా ఏమిటి?" అడిగిందామె.

"యాభై కొట్టాలనుకున్నాను. స్కోరు రాసేవాడు వాడి పేరు గట్టిగా పిలిచాడు. 'హెచ్. గార్లండ్!' అని. ఏడాదిగా ఎవరూ ఆ పేరు పిలవలేదు. కళ్లలో నీళ్లు. బంతి కనబడలేదు."

లవీనియా పేపరు తీసుకుని ఆ వరుస మీద వేలు పెట్టింది. ఏడాదిగా లోపలే అణుచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. అతను లేచి దగ్గరికి తీసుకుంటే విదిలించుకోలేదు.

"వాడికి సున్నా అంటే ఎంత కోపమో తెలుసుగా," అంది వెక్కుతూనే. "బ్యాటు విసిరేసి అన్నం మానేసేవాడు."

"మళ్లీ శనివారం ఆట ఉంది. వద్దంటే మానేస్తాను."

"మానొద్దు. వాడి పేరుతోనే ఆడండి." ఆమె అతని కోటు మీద తల ఆనించింది. "కానీ నాకు చెప్పకుండా వెళ్లకండి. వాడు ఆడుతుంటే చూడ్డానికి వాళ్లమ్మ ఉండొద్దా?"