దొరుకుతాడన్న మాట

చివరి రీల్ చూపిస్తే గానీ మైకు ముందు నిలబడనని ఆమె తేల్చి చెప్పింది.

డబ్బింగ్ థియేటర్ గుమ్మంలోనే ఆగిపోయి, తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని, చెప్పాల్సిన మాట మాత్రం తడుముకోకుండా చెప్పింది. గొడుగు నుంచి కారిన నీళ్లు తివాచీ మీద మడుగు కడుతుంటే సౌండ్ ఇంజినీరు దిగులుగా చూస్తున్నాడు.

"చివర ఏమవుతుందో తెలియకుండా మొదట్లో ఎలా ఏడవాలండీ?" అంది.

"అందరూ ఏడ్చినట్టే. చివర తెలిసి ఏడ్చేవాళ్లు ఎవరుంటారు?" అన్నాడు కత్తెర.

అతను ఆ సినిమాకు ఎడిటర్. స్నేహితులు సరదాగా పెట్టిన ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, అసలు పేరుతో పిలిస్తే అతను వెనక్కి తిరిగి చూడడు కూడా. డబ్బింగ్ చెప్పే ఆమెకూ స్టూడియోలో ఒక పేరుంది, సింగిల్ టేక్. ఎంత పెద్ద డైలాగయినా రెండోసారి చెప్పించుకోదని.

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "మాటలు కూడా బాగానే కత్తిరిస్తారే. సరే, ఒక్కటి చెప్పండి చాలు. తప్పిపోయిన ఆ తమ్ముడు చివరికి దొరుకుతాడా?"

కత్తెర ఒక్క క్షణం తెర వైపు చూశాడు.

"దొరుకుతాడు."

అది పూర్తిగా అబద్ధం కాదు. సినిమాలో తప్పిపోయిన తమ్ముడు నిజంగానే దొరుకుతాడు, ఇంటి వెనక సిమెంటు గచ్చు కింద. అక్కడ పాతిపెట్టింది, సినిమా అంతా వాడి కోసం వీధులు పట్టుకుని తిరిగిన అక్కే.

ఆ ఒక్క మలుపు కోసమే సినిమా అంతా తీశారు. కానీ మొదటి ప్రివ్యూలో అది తుస్సుమంది. ఇంటర్వెల్లోనే ఇద్దరు కుర్రాళ్లు వరండాలో నిలబడి, చంపింది అక్కేనని తేల్చేశారు. నిజం బయటపడే సీన్లో, ఊపిరి బిగబట్టాల్సిన చోట, ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకు డైరెక్టర్ మంచం పట్టినంత పనయింది. ఎవరిని అడిగినా ఒకటే జవాబు. ఆ అమ్మాయి ఏడుస్తుంటే నమ్మబుద్ధి కావడం లేదు, ఏదో దాస్తున్నట్టుంది. అక్కగా వేసిన హీరోయిన్ తన పాత్రకు తనే గొంతు ఇచ్చుకుంది. చివర తెలిసిన గొంతు అది. తెలిసినతనం ఎక్కడో ఒకచోట బయటపడుతూనే ఉంది.

అందుకే డైరెక్టర్ కొత్త గొంతు కావాలన్నాడు. ఆ గొంతుకు చివర తెలియకూడదన్నాడు. ప్రతి ఫ్రేమూ కంఠతా వచ్చినవాడివి నువ్వేనంటూ, దగ్గరుండి చెప్పించే పని కత్తెరకు అప్పగించాడు.

పని మొదలయ్యాక ఆమె గొంతు విని కత్తెర ఫ్రేములు లెక్కపెట్టడం మరిచిపోయాడు. తెర మీద హీరోయిన్ పెదాలు కదులుతుంటే, ఆ పిలుపు ఎక్కడో లోపల నుంచి, ఎప్పటి నుంచో పిలుస్తున్నట్టుగా వచ్చేది. బాగా వచ్చిన డైలాగును కూడా ఇంకొక్కసారి అనమనేవాడు. ఏం తక్కువైందని ఆమె అడిగితే కాగితాలు తిరగేసేవాడు. ఇంజినీరు మాత్రం మీటల వైపు తల వంచుకుని ముసిముసిగా నవ్వుకునేవాడు.

ఆ గదికి కిటికీలు లేవు. బయట వాన పడుతోందో లేదో లోపలికి వచ్చేవాళ్ల భుజాలు చూసి తెలుసుకోవాల్సిందే. టీ తాగడానికి బయటికొచ్చినప్పుడు, రేకుల చూరు కింద ఇద్దరూ ఒకే మెట్టు మీద సర్దుకుని నిలబడేవాళ్లు. ఆమె గొంతుకు మఫ్లర్ చుట్టుకుని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగేది.

"అలా చూస్తారేం? నా మొహంలో కట్ చేయాల్సిందేమైనా ఉందా?"

"లేదు. అందుకే చూస్తున్నా."

ఆమె నవ్వు ఆపుకోవడానికి టీ గ్లాసు అడ్డం పెట్టుకుంది. గ్లాసు చిన్నది. నవ్వు పెద్దది.

ఒకరోజు పోలీసు స్టేషన్ సీను వచ్చింది. అక్క ఇన్‌స్పెక్టరుతో, మా తమ్ముడు ఎవరి జోలికీ వెళ్లేవాడు కాదు సార్ అంటుంది. ఆమె ఆ మాట దగ్గర ఆగిపోయింది.

"ఇది తప్పండీ. వెతికేవాళ్లు 'వెళ్లేవాడు కాదు' అనరు. 'వెళ్లడు' అంటారు."

పెదాలు కలవవన్నాడు కత్తెర. కలుపుతానంది. 'వెళ్లనే వెళ్లడు సార్' అని సరిగ్గా అతికినట్టు చెప్పింది. కత్తెర ఆ ముక్కను మళ్లీ మళ్లీ విన్నాడు. మొదటి ప్రివ్యూ వాళ్లకు అనుమానం ఎక్కడ పుట్టిందో అప్పుడర్థమైంది. బతికున్న మనిషి గురించి చెబుతున్నానంటూనే, ఆ అక్క చచ్చిపోయినవాడి గురించి మాట్లాడినట్టు మాట్లాడింది. ఇలాంటి కంతలు ఇంకా చాలానే ఉన్నాయి. వాటి వెనక ఏముందో తెలియకుండానే ఆమె ఒక్కొక్కటీ పూడ్చేస్తోంది.

ఇవన్నీ మీకెలా తెలుసని టీ దగ్గర అడిగాడు. ఆమె వాన వైపు చూస్తూ చెప్పింది. రెండేళ్ల కిందట వాళ్ల అన్నయ్య, విరిగిన కళ్లజోడు బాగు చేయించుకొస్తానని పొద్దున్నే బయటికి వెళ్లాడు. మళ్లీ రాలేదు. గొడవ లేదు, చీటీ లేదు, కారణం లేదు. ఇంటికొచ్చిన చుట్టాలెవరైనా నోరు జారి వాడు ఇలా ఉండేవాడు అంటే, ఆ రోజంతా అమ్మ వాళ్లతో మాట్లాడదు.

మర్నాటి నుంచి మైకు గదిలోకి వెళ్లేముందు ఆమె తన ఫోను కత్తెర చేతికిచ్చేది. కొత్త నంబరు ఏది వచ్చినా ఎత్తమనేది. ఇంటర్నెట్ కనెక్షన్ అమ్మేవాళ్లూ, రాంగ్ నంబర్లూ తప్ప ఏమీ వచ్చేవి కావు. అయినా ఫోను మోగిన ప్రతిసారీ కత్తెర మొదటి రింగుకే ఎత్తేవాడు.

"మా అమ్మకు రోజూ మీ సినిమా గొడవేనండీ," అందొకసారి. "ఇంటికెళ్లగానే ఇవాళ ఆ అబ్బాయి దొరికాడా అని అడుగుతుంది. చివర్లో దొరుకుతాడట అని చెప్పా. రెండేళ్లలో ఆవిడ సినిమా చూస్తాననడం ఇదే మొదలు."

కత్తెర మిగిలిన టీ వానలో పారబోశాడు.

ఆ సాయంత్రమే డైరెక్టర్ దగ్గరికి వెళ్లి సంగతంతా చెప్పాడు. డైరెక్టర్ చెడ్డవాడు కాదు. విని తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత, ఇంకొక్క రీలే కదా, ఇప్పుడు చెబితే ఆ గొంతు పోతుంది, అయ్యాక నేనే వెళ్లి ఆమె కాళ్లు పట్టుకుంటానన్నాడు. కత్తెర బయటికొచ్చాడు. మర్నాడు స్టూడియో మెట్లెక్కుతూ చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. పైన ఆమె నవ్వుతూ ఎదురొచ్చింది. అతను తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె అంటే ఇష్టం గనక చెప్పాలి. ఇష్టం గనకే చెప్పలేకపోయాడు.

చివరి రీల్ తెర మీదికి వచ్చింది.

తవ్విన గచ్చు. చుట్టూ పోలీసులు. పక్కన గట్టు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అక్క. ఆమె చెప్పాల్సింది ఒకే ఒక్క వాక్యం, 'వాడెక్కడున్నాడో నాకు మొదటి నుంచీ తెలుసు.'

ఆ సీను మొత్తం నడిచిపోయింది. మైకు గదిలోంచి చిన్న శబ్దం కూడా రాలేదు. ఇంజినీరు మీటలు వదిలేసి కత్తెర వైపు చూశాడు. ఆమె హెడ్‌ఫోన్లు తీసి మెల్లగా స్టాండుకు తగిలించి బయటికొచ్చింది.

"మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మా అన్నయ్య సంగతి చెప్పిన రోజు?"

"ఆ రోజూ తెలుసు."

"మా అమ్మ సంగతి చెప్పిన రోజు?"

కత్తెర తల దించుకున్నాడు.

ఆమె వెనక్కి తిరిగింది. లోపలికి వెళ్లి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మళ్లీ వేయమని చేత్తో సైగ చేసింది. ఆ వాక్యం ఒక్క టేకులో చెప్పేసింది. అందులో ఏడుపు లేదు, కోపం లేదు. ఇల్లు ఖాళీ చేసి తాళం చెవి అప్పగించే మనిషి గొంతులా ఉంది. తర్వాత అతని చేతిలోంచి ఫోను తీసుకుని, మొహం చూడకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత అతను ఎన్నిసార్లు చేసినా ఫోనెత్తలేదు.

రెండో ప్రివ్యూలో మలుపు పనిచేసింది. అలా ఇలా కాదు. ఇంటర్వెల్లో ఒక్కరు కూడా అక్కను అనుమానించలేదు. పక్కింటాయనన్నారు, మేనమామన్నారు. గచ్చు తవ్వే సీనుకు హాలంతా బిగుసుకుపోయింది. లైట్లు వెలిగినా చాలామంది లేవలేదు. ఆ గొంతు విని మోసపోయామని అందరిదీ అదే మాట. డైరెక్టర్ కళ్లు తుడుచుకుంటూ కనిపించిన ప్రతివాళ్లనీ కౌగిలించుకుంటున్నాడు. కత్తెర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతనికి ఆ సంతోషం పరాయివాళ్ల ఇంట్లో విందులా అనిపించింది.

హాలు ఖాళీ అయ్యాక చివరి వరసలో ఒక పెద్దావిడ మిగిలిపోయింది, ఒళ్లో సంచీ పెట్టుకుని. కత్తెర దగ్గరికెళ్లి ఎవరమ్మా మీరని అడిగాడు.

"ఇందులో గొంతు మా అమ్మాయిది. ప్రివ్యూకు పిలుపు చీటీ ఇంటికొస్తే అది చించి పారేసింది. ముక్కలు ఏరి, అడ్రసు చూసుకుని నేనే వచ్చాను." ఆవిడ అతని మొహంలోకి చూసింది. "దగ్గరుండి చెప్పించిన అబ్బాయివి నువ్వేనా?"

కత్తెర ఆవిడ కుర్చీ పక్కనే నేల మీద కూలబడ్డాడు. దొరుకుతాడని మీ అమ్మాయితో అన్నది నేనేనని, చివర తెలిసే అన్నానని, తర్వాత మీ సంగతంతా తెలిసి కూడా నోరు విప్పలేదని, ఏదీ దాచకుండా చెప్పాడు.

ఆవిడ ఖాళీ తెర వైపు చెయ్యి చూపించింది.

"అందరూ మోసపోయామంటున్నారు నాయనా. నేను మోసపోలేదు. చివర్లో ఆ పిల్లే చంపిందన్నారు చూడు, అది నేను నమ్మలేదు. నా కూతురి గొంతు నాకు తెలియదా? సినిమా అంతా అది వాళ్లన్ననే పిలిచింది. చంపినవాళ్లు అలా పిలవలేరు." సంచీ భుజాన తగిలించుకుని లేచింది. "నాకు చెప్పావు, బాగానే ఉంది. దానికి చెప్పు. పద."

వాళ్లది రెండో అంతస్తులో చిన్న ఇల్లు. తలుపు తీసిన ఆమె, అమ్మ వెనక నిలబడ్డ అతన్ని చూసి పక్కకు తప్పుకుంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. గోడవారన ఒక మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. దాని మీద ఎవరూ కూర్చోరని కత్తెరకు చెప్పకుండానే తెలిసింది. నిలబడే మాట్లాడాడు. తప్పు చేశానన్నాడు. డైరెక్టర్ పేరు ఎత్తలేదు.

"ముందే చెబితే చేయననుకున్నారా?" అంది ఆమె. "చేసేదాన్ని. ఇలాగే చేసేదాన్ని. ఏడుపు నాకు కొత్తగా ఎవరూ పుట్టించక్కర్లేదు. నేను నటించగలనని మీరు నమ్మలేదు. నా దగ్గరున్న దుఃఖాన్ని మాత్రం నమ్మారు. దాన్ని వాడుకున్నారు."

"నిజమే."

"ఇంకేమైనా దాచారా?"

"ఒకటుంది. మీరంటే నాకు ఇష్టం. ఇది చెప్పే సమయం కాదని తెలుసు. ఇంకోటి దాచడం ఇష్టం లేక చెబుతున్నా."

వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆమె గోడ వైపు తిరిగి నిలబడింది. అతను చెప్పుల్లో కాళ్లు దూర్చుతుంటే మాట్లాడింది.

"రేపు పక్క ఊరి ఆసుపత్రికి వెళ్లాలి. గుర్తు తెలియని శవాల ఫొటోలు చూపిస్తామన్నారు. అమ్మను తీసుకెళ్లలేను. ఒక్కదాన్నే వెళ్లి వెళ్లి అలిసిపోయాను."

"వస్తాను," అన్నాడు.

దారి పొడవునా వాన. బస్సు కిటికీ సందులోంచి జల్లు ఆమె భుజం మీద పడుతుంటే, అతను ఏమీ అనకుండా సీటు మారి అటువైపు కూర్చున్నాడు. ఆసుపత్రి వెనక గదిలో గుమాస్తా కంప్యూటరు తెరను వాళ్ల వైపు తిప్పాడు. ముందు తను చూస్తానన్నాడు కత్తెర. అన్నయ్య ఫొటో చూపించి, ఎడమ కనుబొమ్మ మీద కోత ఉంటుందని ఆమె బస్సులో చెప్పింది. ఒక్కో మొహాన్నీ చూసుకుంటూ పోయాడు. రోజూ మొహాలు చూడటమే అతని పని. ఇలాంటి మొహాలు ఎప్పుడూ చూడలేదు. ఒక ఫొటో దగ్గర ఆగాడు. అదే వయసు, అదే జుట్టు. కనుబొమ్మ మీద కోత లేదు.

"కాదు," అన్నాడు.

ఆమె తనూ చూసింది. "కాదు," అంది.

బయట షెడ్డు కింద నిలబడ్డారు. వాన ఆగేలా లేదు.

"నిజం చెప్పు. ఆ ఫొటో దగ్గర ఆగినప్పుడు ఏమనుకున్నావు?" 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని ఇద్దరూ గమనించలేదు.

అబద్ధం నోటి దాకా వచ్చింది. ఎంతో తేలికైన అబద్ధం, ఎవరైనా మెచ్చుకునేది.

"ఆయనే అయితే బాగుండుననుకున్నాను," అన్నాడు కత్తెర. "నీకు ఈ తిరుగుడు అయిపోతుందని."

ఆమె అతని వైపు తిరిగింది. కొడుతుందేమో అనుకున్నాడు. ఆమె ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది.

"నేనూ అదే అనుకున్నాను," అంది. "ప్రతిసారీ అదే అనుకుంటాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అన్నయ్య చావాలని కోరుకునే చెల్లెలు ఉంటుందా?"

"అలిసిపోయిన చెల్లెలు ఉంటుంది."

మైకు ముందు ఎన్నిసార్లో ఏడ్చిన ఆమె అప్పుడు గొంతు బయటికి రాకుండా ఏడ్చింది, అతని తడి చొక్కా గుప్పిట్లో పట్టుకుని. కత్తెర ఊరుకోమనలేదు. బస్సు వస్తే ఎక్కనివ్వలేదు. ఇంకో బస్సు వచ్చేదాకా అలాగే నిలబడ్డారు.

ఊళ్లో దిగేసరికి బస్‌స్టాపులో గొడుగేసుకుని అమ్మ నిలబడి ఉంది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. అడగాల్సిన ప్రశ్న అడగలేదు. ఆ ఫొటోల్లో కొడుకు లేడన్న జవాబు అందిపోయింది.

కూతురి జుట్టు కొంగుతో తుడిచింది. తర్వాత అతని వైపు తిరిగి, ఆ చేత్తోనే, ఆ కొంగుతోనే, అతని తల కూడా తుడిచింది.

"పొద్దుటి నుంచి ఏమీ తిని ఉండరు," అంది. "ఇంటికి పదండి, ఇద్దరూ."