భద్రమ్మ జడ

జితేందర్ నెత్తి మీద ఒక్క వెంట్రుక లేకపోయినా వెంట్రుకల మీదే బతుకుతున్నాడు. ఆందోళన జబ్బున్నవాళ్ల తల వెంట్రుకలు కత్తిరించి తేవడం అతని కొలువు. భయపడితే ఒంట్లో ఊరే రసం వెంట్రుకలోకి దిగుతుందట. కుదురు దగ్గర ఈ నెలది, కిందికి పోయేకొద్దీ పాతది. అది కొలిచి, ఎవరి భయం తగ్గుతుందో, ఎవరిది ముదురుతుందో మహబూబాబాద్‌లో డాక్టరు సారు ముందే చెబుతాడు. బల్లిని చూసి మంచమెక్కే జితేందర్‌కు ఈ కొలువు దొరకడం దేవుడి పరాచికం.

కొత్తగూడ అడవి అంచు పల్లెలో ఆ జబ్బే ఉన్న ముసలి ఓదెమ్మ ఎంతకీ లొంగలేదు.

"పరాయోని చేతికి వెంట్రుకలిస్తరా బిడ్డా? బాణామతి చెయ్యనీకేనా?"

"నాకుంటె నావే ఇస్తుంటి గదనే అవ్వా!"

ఆమె నవ్వింది గాని తల ఇవ్వలేదు. ఉత్త చేతులతో పోతే కొలువు ఊడుతుంది. పక్కనే పాడుబడ్డ ఇల్లు. గోడ సందులో ఎర్రదారం కట్టిన జడ ఒకటి. కుదురు వైపు ఇంత కత్తిరించి, ఓదెమ్మ పేరు రాసి పొట్లం కట్టేశాడు.

నెల తర్వాత సారు ఫోను.

"ఓదెమ్మ భయం నెలనెలా పెరుగుతున్నదయ్యా. ఇంకా ముదురుతది. మళ్లీ తీసుకురా, జల్ది."

పొద్దుగూకే యాళ్ల ముసురులో పోయాడు. ఓదెమ్మ గడపలో బియ్యం ఏరుతోంది.

"అవ్వా, ఆ ఇంట్ల ఎవరుండేటోళ్లు?"

"మా అక్క భద్రమ్మ. జరమొస్తే జడ కోసి దాసుకున్నది. మల్ల లేవనే లేదు. శానేండ్లాయె."

"భయస్తురాలా?"

"అదా? ఎలుగొడ్డును కట్టెతోని ఎల్లగొట్టింది!"

మరి నెలనెలా పెరిగే ఆ భయం... ఎవరిది? కాళ్లు వద్దన్నాయి. కొలువు పదమన్నది.

లోపల తడిమట్టి వాసన. దాని కింద కుంకుడుకాయ వాసన, ఇప్పుడే ఎవరో తలంటుకున్నట్టు. సందులో చెయ్యి పెట్టాడు. జడ వెచ్చగా ఉంది. దారానికి పైన... జానెడు కొత్త వెంట్రుక. అదురుతోంది. కళ్లు మూసుకుని కత్తెర ఆడించాడు.

చెవి పక్కనే గుసగుస.

"నెత్తి మీద బరువున్నది నాయినా... జర పట్టు..."

దారిన పోయేవాళ్ల నెత్తి మీది మూటలు దించి పెరిగినవాడు. నోరు జారింది.

"ఆ... తే."

పరుగులో వదిలిన చెప్పులు అక్కడే ఉన్నాయి ఇప్పటికీ. వెంట్రుకలు మాత్రం పిడికిట్లో వచ్చాయి.

కొన్నాళ్లకు సారు సంబరంగా ఫోను చేశాడు. "ఓదెమ్మకు నయమైందయ్యా! కుదురు దగ్గర భయం జాడే లేదు. యాడికి పోయిందో!"

జితేందర్‌కు నిద్ర లేక కళ్లు పీక్కుపోయాయి. ఏదో మోస్తున్నట్టు మెడ వంగిపోతోంది. వెనక నుంచి భార్య నీరజ అతని బట్టతల తడిమి మురిసిపోయింది.

"ఓయ్, నీకు వెంట్రుకలొస్తున్నయి! ...అగో, గీ ఎర్రదారం ఎప్పుడు కట్టుకున్నవ్?"