ఎసరు చప్పుడు

"ఏమయ్యా, కాఫీ చల్లారిపోతా ఉంది."

వంటింట్లోంచి పిలిచి పిలిచి కోటేశ్వరి విసిగిపోయింది. వసారాలో ఆంప్లిఫయర్ ముందేసుకుని కూర్చున్న వీరాంజనేయులు తల ఎత్తలేదు. నరసరావుపేటలో పాతికేళ్లుగా మైక్‌సెట్ నడుపుతున్న మనిషి. బాక్సుల మధ్య కూర్చుంటే పెళ్లాం మాట ఆయనకు అందదు. కోటేశ్వరి గ్లాసు తెచ్చి ఆయన ముందు ఠంగున పెట్టింది. "మీ నాన్నకి పొగరు ముదిరిందే" అని కూతురికి ఫిర్యాదు చేసింది.

కూతురు దీపశ్రీకి ఆ గొడవ పట్టలేదు. డిసెంబరు ముగుస్తోందంటే ఆ పిల్లకు పండగే. ఆ ఏడాది తనకు నచ్చిన ఇండీ ఆల్బమ్స్ గురించి యూట్యూబ్‌లో మాట్లాడుతుంది. సినిమాతో పని లేకుండా, ఏ కంపెనీ అండా లేకుండా, ఎవరికి వాళ్లు పాడి జనంలోకి వదిలే పాటలవి. ఆమె చానల్ చూసేవాళ్లు మాచర్ల బస్సొకటి నిండేంత మంది. అయినా ఏడాది పొడుగునా వింటుంది, తూకం వేస్తుంది, తనతో తనే పోట్లాడుకుంటుంది. ఈసారి మూడో స్థానం డప్పునీ గిటారునీ కలిపిన గుంటూరు కుర్రాళ్లది. రెండోది ఒక నర్సమ్మ పాడిన జోలపాటలు. మొదటిది 'ఎసరు'. విజయనగరం పిల్ల ఎవరో వంటింట్లో ఫోన్ పెట్టుకుని పాడింది. గొంతు వెనకాల అన్నానికి పెట్టిన ఎసరు మరిగే చప్పుడు కూడా వినిపిస్తుంది.

దీపశ్రీ వెళ్లి తండ్రికి ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, రేపు గురజాల స్కూల్ యానివర్సరీకి సౌండ్ మిక్సర్ దగ్గర నేను కూర్చుంటా."

"ఆడపిల్లవి, నీకు మిక్సర్ ఏందే?"

"మాచర్ల పెళ్లిలో నీ సౌండ్‌కి జనం విస్తళ్ల ముందు నుంచి లేచిపోయారు. పిడుగురాళ్లోళ్లు బుకింగ్ కాన్సిల్ చేశారు. రేపు పాడేది చిన్నపిల్లలు."

"వాళ్లకి చెవులు లేవు, నీకూ లేవు" అన్నాడు వీరాంజనేయులు. "ఆ గొణుగుడు పాటలు ఇనేదానికి సౌండ్ గురించి ఏం తెలిసిద్ది? ముందు ఆ చానల్ మూసెయ్."

దీపశ్రీ ముఖం ఎర్రబడింది. ఆమెకు వినడం నేర్పిందే ఆయన. చిన్నప్పుడు బాక్సు మీద కూర్చోబెట్టి, ఏ స్పీకర్‌లో కాయిల్ పోయిందో చెవితోనే కనిపెట్టడం నేర్పాడు. ఇంకెవరు వెక్కిరించినా నవ్వి ఊరుకునేది. ఆ చెవులున్న మనిషే తన పాటలను తీసిపారేస్తుంటే తట్టుకోలేకపోయింది.

"నీతో చెప్పటం చెవిటోడి ముందు శంఖం ఊదినట్టే" అని అరిచింది.

"నోరు ముయ్యవే" అంది కోటేశ్వరి.

"ముయ్యను. నాన్నా, 'ఎసరు'లో మొదటి పాట మొత్తం విను. విన్నాక బాగలేదంటే చానల్ మూసేస్తా, మిక్సర్ జోలికి రాను. నీ చెవి మీద నాకు అంత నమ్మకం."

వీరాంజనేయులు ఒక్క క్షణం తటపటాయించాడు. "పెట్టు" అన్నాడు.

ఆమె ఫోన్ వైరు మిక్సర్‌కు తగిలించి, ఆ పాటకు ఎంత సౌండ్ కావాలో అంతే పెట్టింది. ఆయన పూర్వంలాగే కళ్లు మూసుకుని, తొడ మీద వేలితో తాళం మొదలుపెట్టాడు. రెండో చరణం సగంలో ఉండగా బాక్సు ఠక్కున ఆగిపోయింది. పక్కింటి టీవీ కూడా ఆగింది.

"కరెంటు పోయిందే" అంది కోటేశ్వరి.

వీరాంజనేయులు వేలు ఆగలేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది, ఆయన మాత్రం తాళం వేస్తూనే ఉన్నాడు. తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చాల్లే, ఆపు" అన్నాడాయన కళ్లు మూసుకునే. "చానాసేపు ఇన్నా. ఏముంది దీంట్లో?"

ఆయన కళ్లు తెరిచాడు. ఎదురుగా ఏడుస్తున్న కూతురిని చూశాడు, తర్వాత వెలగని ఆంప్లిఫయర్ లైటును చూశాడు. తాళం వేసే వేలు ముడుచుకుపోయింది.

"ఎప్పుడు పోయింది?" అన్నాడు నెమ్మదిగా.

కోటేశ్వరి ఆయన ముందున్న కాఫీ గ్లాసు వంక చూసింది. "అయితే నేను పొద్దున్నుంచీ పిలిచేది..."

"ఎదురుగా ఉంటే మూతి చూసి పోల్చుకుంటా. ఎనక నుంచి పిలిస్తే తెలవదు. రెండేళ్లయింది. మిక్సర్ మీద లైట్లు చూసి సౌండ్ పెడతన్నా." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "కొండ తిరనాళ్లలో ప్రభల మీద బాక్సుల మోత ముందు అన్నేళ్లు నిలబడ్డా గదా."

కోటేశ్వరి కూతురి చెయ్యి పట్టుకుంది. "బయట ఎవరికీ చెప్పమాకే. చెవుడని తెలిస్తే మైక్‌సెట్ ఎవరు పిలుస్తారు?"

దీపశ్రీ చెయ్యి విడిపించుకుంది. తండ్రికి తన ముఖం కనపడేలా మోకాళ్ల మీద కూర్చుని గట్టిగా చెప్పింది. "దాచను. రేపు మిక్సర్ దగ్గర నేనే కూర్చుంటా. ఎల్లుండి చెవుల డాక్టరు దగ్గరికి పోదాం. చానల్ కూడా ముయ్యను. వినకుండా బాగలేదన్నావు, పందెం చెల్లదు."

"ఒప్పుకోకపోతే?"

"మిక్సర్ తీసి నా మంచం కింద పెట్టుకుంటా."

"ఎవరి పోలికే ఈ మొండితనం?"

"ఇంకెవరిది, నీదే."

ఆయన నవ్వబోయాడు గానీ కళ్లు నిండిపోయాయి. అంతలో కరెంటు వచ్చింది. ఫోన్‌లో ఆగకుండా నడుస్తున్న ఆ పిల్ల గొంతు బాక్సులో మళ్లీ వినిపించింది. వెలిగిన లైటును ఆయన కాసేపు చూశాడు.

"ఎసరు ఎట్టా ఉందో చెప్పవే" అన్నాడు.

దీపశ్రీ పాటను మళ్లీ మొదటి నుంచి పెట్టి, ఆయన చెవి దగ్గరికి వంగి, లోకంలోకెల్లా మెత్తని పాటను గొంతు చించుకుని చెప్పసాగింది. "ముందు సుయ్యిమంటా ఉంది నాన్నా. తర్వాత గలగలా. ఇప్పుడు బియ్యం పోసింది. గొంతు తగ్గించింది. ఎవరో రాలేదని పాడతా ఉంది."

పక్కింటి సీతారావమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "ఏంది వదినా ఆ కేకలు? ఏమైంది?"

కోటేశ్వరి కొంగుతో కళ్లు తుడుచుకుంది. తండ్రీకూతుళ్లను ఒకసారి చూసి, వీధికంతా వినపడేలా జవాబిచ్చింది. "మా ఆయనకి చెవులు ఇనపడవు వదినా. బిడ్డ పాట చెప్తా ఉంది."

దీపశ్రీ నోట మాట ఆగిపోయింది. వీరాంజనేయులు పెళ్లాం మూతినే చూశాడు. ఆమె ఏమందో ఆయనకు తెలిసింది. కూతురి భుజం తట్టాడు.

"ఆపావేందే? ఊదు నీ శంఖం."