సుక్క కాలు మోపేదాకా

"సూడిది, మేడమ్!"

చూస్తూనే ఉంది దీవెన. ఒంగోలు నుంచి పొందూరు ప్రాంతానికి పశువుల డాక్టరుగా వచ్చి ఇంకా నెల తిరగలేదు. వానలో స్కూటీ మీద తడిసి ముద్దయి, కారుతున్న పాకలో గొంతుకూర్చుని, ఆవు ముంగాలిని రెండు చేతులా పట్టుకుని, చూడక ఇంకేం చేస్తోంది? కాలువ మీది రాతిపలకల సందులో ఇరుక్కుని కాలు మోకాలి దిగువన విరిగింది. చర్మం చిట్లలేదు కనుక ఆశ ఉంది. ఎముక సరిచేసి కట్టు వేయాలంటే ముందు మత్తు ఇవ్వాలి. ఆమె సిరంజిలోకి మందు ఎక్కించింది.

"మేడమ్, సూడిది! సూడిది!" ఆవు తల అదిమి పట్టుకున్న యువకుడు మళ్లీ అరిచాడు. అతని పేరు సంజయ్. పొందూరులో సెల్‌ఫోన్ల కొట్టు నడుపుతాడు.

దీవెన సహనం తెగింది. "ఇది చూడు, అది చూడు అని నాకు నేర్పుతారేమిటండీ? అందులోనూ 'సూడు' అట! 'చూడండి' అనడానికి నోరు రాదా?"

"సూడండి అనడం ఏటండీ? సూడిదే!"

ఇక ఇతనితో లాభం లేదనుకుని సూది దగ్గరికి తెచ్చింది. అతను చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"చెయ్యి వదలండి!"

"ఒగ్గను!"

"ఓలమ్మ, కడుపుతో ఉన్నాది తల్లీ! ఏడో నెల!" గుమ్మంలోంచి అతని తల్లి అప్పలమ్మ కేకేసింది. "ఆడు ఇందాకట్నించి అదే మొత్తుకుంటన్నాడు."

వానచినుకులు పడకుండా ఆవు మీద కప్పిన టార్పాలిన్‌ను దీవెన పక్కకు లాగింది. నిండు కడుపు. ఆ మత్తు పడితే ఈచుకుపోయేదే, కడుపు నిలిచేది కాదు. ఆమె ముఖం పాలిపోయింది, మరుక్షణం ఎర్రబడింది.

"చూడిది అని తెలుగులో చెప్పవచ్చు కదా!"

"అదే కదండీ సెప్పినాను!"

సిరంజి సంచిలోకి వెళ్లింది. మత్తు లేకుండానే పని జరగాలి. సంజయ్ ఆవు మెడ మీద తన బరువంతా మోపి, దాని చెవిలో 'సుక్కా, సుక్కా' అంటూ ఏదో లొడలొడా చెబుతూ పోయాడు. అతని తండ్రి జ్ఞానానందం తాడు లాగి కాలు సాగదీశాడు. దీవెన విరిగిన కొసలను ఒకదానికొకటి కుదిర్చింది. కట్టు కింద వేసే దూది చాలకపోతే, అప్పలమ్మ ఖద్దరు నూలు వడకడానికి వాలుగచేప దవడతో దువ్వి ఉంచుకున్న పత్తిని బుట్టతో సహా తెచ్చి ముందు పెట్టింది. వెదురుబద్దలు, వాటి మీద సిమెంటు కట్టు.

"తడి తగిలిందా, ఊరుకోను," అంది దీవెన చేతులు కడుక్కుంటూ.

"కట్టు ఇప్పినప్పుడు కాలు మోపకపోతే కబేళా బేరగాడికి ఇచ్చీడమే," అన్నాడు జ్ఞానానందం. "మూడుకాళ్ల ఆవుని మేపీ వోపిక నాకు లేదమ్మా."

"ఇయ్యనియ్యను నాన్నా," అన్నాడు సంజయ్. ఆ రోజు అతను అరవకుండా అన్న మాట అదొక్కటే.

ఆనాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

"మేడమ్, సుక్క తుమ్మింది."

"తుమ్మనివ్వండి."

"మేడమ్, సుక్క నన్ను అదోలా సూస్తన్నాది."

"మీరు ఎదురుగా నిలబడకండి."

"మేడమ్, కట్టు మీద కాకి వాలింది."

"సంజయ్ గారూ, ఈ మండలంలో పశువులు ఇంకా చాలా ఉన్నాయి!"

ఇలా విసుక్కుని ఫోను పెట్టేసేది. సాయంత్రానికి స్కూటీ ఆ పాక ముందే ఆగేది. ఈ వైరుధ్యం గురించి ఆలోచించడానికి ఆమెకు తీరిక దొరకలేదు. దొరకకుండా తానే చూసుకుంది.

నెలన్నర దాటాక కట్టు కోసింది. ఎముక అతికినట్టే వేళ్లకు తెలుస్తోంది. సుక్కను లేపారు. అది మూడు కాళ్ల మీద నిలబడి నాలుగో కాలిని గాలిలో ఉంచుకుంది. అదిలించినా దింపలేదు, బతిమాలినా దింపలేదు. జ్ఞానానందం బేరగాడిని పిలవడానికి ఫోను తీసుకుని పెరట్లోకి నడిచాడు.

"మీరే తడిపి ఉంటారు!" అంది దీవెన.

"మీరే బిగించి కట్టీసినారు!" అన్నాడు సంజయ్.

"నేనా? తుమ్మినా దగ్గినా ఫోను చేసి, అసలు సంగతి ఒక్కటీ చెప్పలేదు మీరు!"

"అసలు సంగతి సెప్పీడానికే కదండీ సేసినాను! మీ గొంతు వినబడగానే దడుపొచ్చి తుమ్మింది, దగ్గింది అని సెప్పీసీవోడిని!"

ఆ మాటకు ఆమె కోపం ఇంకా హెచ్చింది.

"కాకి వాలిందంటే ఏ డాక్టరైనా వానలో పరుగెత్తుకొస్తుందా? ఆపాటి ఆలోచన లేదా మీకు? ఇన్నాళ్లూ నేను వచ్చింది కాకి కోసమనుకున్నారా?"

"మరి... మీరూ సెప్పలేదు కదండీ!"

"అడిగారా?"

"ఇప్పుడు అడగొచ్చా?"

"ఇంకా అనుమతి కూడానా!"

"ఒసే, ఒరే, ఇద్దరూ నోరు ముయ్యండి!" అప్పలమ్మ చెయ్యి చాపి చూపింది.

ఈ గొడవను ఎవరూ తేల్చేలా లేరని గ్రహించిందేమో, సుక్క గడ్డి దగ్గరికి బయలుదేరింది. నాలుగో కాలు నేలకు ఆనింది, వణికింది, నిలిచింది. తరువాత మరో అడుగు. గడ్డిలో మూతి పెట్టి, తన వల్ల ఏమీ జరగనట్టు నమలసాగింది.

దీవెన కళ్లు తుడుచుకోబోయింది. చేతినిండా సిమెంటు పొడి. సంజయ్ భుజం మీది తువ్వాలు అందించాడు. తువ్వాలుతో పాటు అతని చెయ్యి కూడా వచ్చింది. ఆమె దాన్ని వెనక్కి పంపలేదు.

పెరటి వాకిట్లో జ్ఞానానందం చెవి దగ్గర ఫోనుతో ఆవునొకసారి, ఆ ఇద్దరినొకసారి చూసి గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు రానక్కర్లేదురా. ఏటీ? ఎందుకా? మా కోడలు ఒప్పుకోదు."