అడ్డంగా కోసిన బట్ట

ఘానాలో నేతగాళ్ళ ఊరైన బోన్‌వీరేలో చలి పొడిగాలులు మొదలయ్యాక, ఎండ బాగా కాసే ఒక శనివారం చూసుకొని ఆడవాళ్ళు బట్టల పెట్టెలు తెరుస్తారు. ఏడాదంతా మడతల్లో ఉన్న బట్టలకు గాలి తగలాలి. పొకువా మంచం పట్టడంతో ఈసారి ఆ పని ఆమె అక్క అఫ్రియే చేస్తోంది. కడుపులో గడ్డకు ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రివాళ్ళు పొకువాను ఇంటికి పంపేశారు. ఆమెను గుమ్మం పక్కన చాప మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, రాజధాని అక్రా నుంచి ముందురోజే వచ్చిన కూతురు ఫ్రెమా మొక్కజొన్న గంజి తాగిస్తోంది.

"కలరా ఉండల ఘాటుకి నాకే కళ్ళు తిరుగుతున్నాయి," అంది అఫ్రియే. "ఏమే పొకువా, బట్టలు దాచినంత శ్రద్ధగా ఒళ్ళు చూసుకోలేకపోయావు."

"వాగింది చాలుగానీ, అడుగున మా ఆయన నేసింది ఉంటుంది. ముందు అది ఆరెయ్యి."

అఫ్రియే అడుగుదాకా వెతికింది. "ఇందులో లేదే."

ఫ్రెమా చెంచా గిన్నెలో పెట్టి, లోపలికెళ్ళి తన సంచిలోంచి ఒక కోటు తెచ్చింది. ఆకుపచ్చ, పసుపు గళ్ళు. నిలువు మెడ, బిగుతు చేతులు.

"ఈస్టరుకి వచ్చినప్పుడు పట్టుకెళ్ళానమ్మా. పెట్టెలో ఉన్నదంతా నాదే అన్నావుగా. పెద్ద ఫ్యాషన్ ప్రదర్శనలో చివరగా ఇదే వేసుకుని నడిచాను. మైకులో నాన్న పేరు చెప్పారు. మన నేత ఏంటో, మనమేంటో అందరికీ తెలియాలనే..."

పొకువా కోటును తాకలేదు. "అడ్డంగా కోశావా?"

సన్నటి పట్టీలుగా నేసి పక్కపక్కన కుట్టిన బట్ట అది. కుట్లు విప్పితే మళ్ళీ కుట్టుకోవచ్చు. అడ్డంగా కోస్తే ఇక అంతే. ఆ సంగతి నేతగాడి కూతురికి ఒకరు చెప్పక్కర్లేదు.

"కోయకుండా కోటెలా వస్తుందమ్మా?"

"అక్రాలో కుట్టడం నేర్పినవాళ్ళు, అడిగి తీసుకోమని నేర్పలేదా?" అంది అఫ్రియే. "రేపు మీ అమ్మ పోయాక పడుకోబెడితే ఊరంతా వచ్చి చూసేది ఏం కప్పారనే. నేతగాడి పెళ్ళాన్ని మిల్లుగుడ్డ కింద పడుకోబెడతావా?"

"నాదే అన్నావు కదమ్మా."

"నీదే," అంది పొకువా. "ముందు నామీద కప్పి, పూడ్చేముందు తీసి నీ భుజాన వేస్తారు. మా అమ్మది నాకలాగే వచ్చింది. నువ్వు ఆగలేకపోయావు."

"ఇంకోటి నేయిస్తాను. ఇప్పుడే మగ్గాల దగ్గరికెళ్తా."

"నేస్తారు. మీ నాన్న లేచొచ్చి నెయ్యడుగా."

"పోనీ, ఇదే నీకు పట్టేలా వదులు చేస్తాను."

"చచ్చినదాని చేతులు వంగవే, ఫ్రెమా. కోటు తొడుక్కోవాలంటే మనిషి తనూ కాస్త సాయం పట్టాలి. అందుకే మనవాళ్ళు బట్ట కప్పుతారు."

అఫ్రియే మిగిలిన బట్టలన్నీ ఆరేసి, కళ్ళు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయింది. పొకువా దిండ్లు తీయించుకుని చాప మీద వెల్లకిలా పడుకుంది.

"ఏదీ, నామీద వేసి చూడు."

ఫ్రెమా కోటు పరిచింది. మెడ నుంచి నడుందాకా వచ్చింది. పొకువా అంచు మీద వేలితో తడిమింది.

"కుట్టు తిన్నగా పడింది. మీ నాన్న చూస్తే మెచ్చుకునేవాడు." అంచు వదిలి అడిగింది. "కాళ్ళు బయటే ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా."

తన ఒంటి మీదిది తీసి కప్పుదామని ఫ్రెమా చెయ్యి నడుం దగ్గరికి వెళ్ళింది. బిగుతు ప్యాంటు, చొక్కా. అన్నీ కోసి కుట్టినవే. పరచడానికి ఒక్క పొర లేదు. చాప చివర కూలబడి, తల్లి పాదాలు రెండూ ఒళ్ళోకి తీసుకుని, వాటి మీదికి వంగి ఏడ్చింది.

"అలాగే పట్టుకోవే," అంది పొకువా కళ్ళు మూసుకుని. "గాలి చల్లగా ఉంది."